మనవలకు మనం పడిన బకాయి

డిసెంబర్ 17 పింఛనుదారుల దినోత్సవానికి వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయాధర్మంగా ఇచ్చేది కాదని తీర్పు చెప్పిన దగ్గర నుంచి, మనకు రావలసిన బకాయిల లెక్క మనం ఏనాడూ మరచిపోలేదు. ముప్పయి ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, ఆ లెక్క నాకూ కంఠస్థమే. అయితే దాని గురించి వ్రాసేవారు ఈ సంచికలోనే చాలామంది ఉంటారు. నేను మాత్రం మనం ఇవ్వవలసి ఉండి ఇవ్వకుండా ఉంచేసిన ఒక బకాయి గురించి వ్రాస్తాను.

మొన్న వేసవిలో మా మనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. పదేళ్ళవాడు. దొడ్లో ఒక పచ్చి కొబ్బరిమట్ట పడి ఉంటే, "ఉండరా, నీకొక బూర చేసి ఇస్తాను" అని కూర్చున్నాను. రెండుసార్లు చుడితే రెండుసార్లూ పలకలేదు. మూడోసారి పలికింది. వాడు నాలుగు వీధులకూ వినబడేలా ఊది, "తాతయ్యా, ఇది నీకు ఎవరు నేర్పారు?" అని అడిగాడు. ఏ మాష్టారి పేరో, మా నాన్నగారి పేరో చెబుదామని నోరు తెరిచాను. ఒక్క పేరూ రాలేదు. ఎందుకు రాలేదా అని ఆలోచించగా తేలిన సంగతులే ఈ వ్యాసం.

కాలువ నేర్పిన విద్య

మాది ఆత్రేయపురం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తూర్పు గోదావరి జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లా. ఊరి పేరు చెప్పగానే అందరూ పూతరేకులు అంటారు. వాటి దగ్గరకు తరువాత వస్తాను. ముందు కాలువ సంగతి చెప్పాలి.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. బొబ్బర్లంక దగ్గర గోదావరి నీరు అందుకున్న మధ్య డెల్టా ప్రధాన కాలువ మా మండలంలోని లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమకంతటికీ వెడుతుంది. దొర ఆ కాలువలు తవ్వించింది వరి కోసం, పడవల రవాణా కోసం. మా ఊరి పిల్లలకు మాత్రం నూరేళ్ళకు పైగా అదే ఈత బడి. గోదావరిలో దిగటానికి ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. ఎర్రనీరు వచ్చిన రోజుల్లో గట్టు ఎక్కితేనే వీపు మోగేది. కాలువ రేవులో దిగటానికి మాత్రం అభ్యంతరం లేదు, పెద్ద పిల్లలు వెంట ఉంటే చాలు.

ఈత నేర్పే పద్ధతి ఇది. నీరు ఇంకిపోయిన ముదురు కొబ్బరికాయలు రెండు, పీచు తియ్యకుండా తెచ్చేవారు. రెండింటికీ ఒక్కొక్క పీచుపట్ట కొంతమేర లేపి, ఆ పట్టలనే జానెడు ఎడం ఉండేలా ముడివేసేవారు. వేరే తాడు అక్కరలేదు. ఆ జోడు మీద రొమ్ము ఆనించి కాళ్ళు కొట్టాలి. పెద్ద కుర్రాడు వెనకనుంచి మొలతాడు పట్టుకుని ఉండేవాడు. పది పదిహేను రోజులయ్యాక జోడు తీసేసి ఒక్క కాయ ఇచ్చేవారు. ఆ తరువాత అరటిబోదె పట్టుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళి రావాలి. ఆ పరీక్ష నెగ్గిన రోజున మొలతాడు మీద చెయ్యి ఉండేది కాదు. మనం మాత్రం ఉందనుకునే ఈదేవాళ్ళం.

కొబ్బరిపీచు నిండా గాలి ఉంటుంది. ఎండిన కాయలోపలా గాలే. అరటిబోదె పొరల్లోపల గాలి గదులు ఉంటాయి. ఈ శాస్త్రం మాకెవరూ చెప్పలేదు గాని ఏది ఎంత బరువు మోస్తుందో ఎనిమిదేళ్ళకే తెలిసేది. నాలుగు బోదెలు పక్కపక్కన పేర్చి రెండు వెదురు కర్రలు అడ్డంగా గుచ్చితే తెప్ప. ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు.

ఆ తెప్పను ఆటవస్తువనే అనుకుంటూ పెద్దవాణ్ణయ్యాను. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. నాకు మూడేళ్ళప్పుడు వచ్చిన 1953 వరద 30 లక్షలు. ఆనకట్ట కట్టాక 1986 అంతటి వరద లేదు. అప్పుడు నన్ను సహాయ కార్యక్రమాల డ్యూటీ మీద ఒక లంకగ్రామం వైపు పంపారు. మా పడవ చేరేసరికి అక్కడి పిల్లలు అరటిబోదెల తెప్పల మీద మేకపిల్లల్ని, బియ్యం మూటల్ని, ఒక మంచానపడ్డ ముసలమ్మను గట్టుకు చేర్చి కూర్చున్నారు. నేను రిజిస్టరు తీసి పేర్లు వ్రాసుకున్నాను. ఆ రోజున అక్కడ నేను చేసిన పని అంతే.

ఆకు, కాయ, ఈనె

ఇక బూర. పచ్చి కొబ్బరాకు ఒకటి తీసుకుని ఈనె చీల్చెయ్యాలి. చిటికెనవేలి సందున పట్టేంత సన్నంగా చుట్ట మొదలుపెట్టి, ప్రతి చుట్టూ పాతచుట్టు మీద సగం ఎక్కేలా, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యేలా చుట్టాలి. ఒక ఆకు అయిపోతే రెండోది లోపల దోపాలి. చివర జారిపోకుండా ఈనెముక్క గుచ్చాలి. సన్నని కొసలో రెండు చిన్న ఆకుముక్కలు ఎదురెదురుగా దోపి పళ్ళతో కాస్త నొక్కితే అదే పీక. సన్నాయి పలికేదీ ఇదే సూత్రం మీద. రెండు రెక్కలు గాలికి అదిరి ఒకదానికొకటి తగలాలి. నాకు మొదటి రెండుసార్లూ పలకకపోవటానికి కారణం, పీకను మరీ గట్టిగా నొక్కేశాను.

అదే ఆకుతో గడియారం, కళ్ళజోడు, ఉంగరం, మిడత, పాము, బంతి చేసేవాళ్ళం. వేసవిలో ముంజెలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలు రెండు తీసుకుని, ఒక పుల్లకు రెండు చివర్లా గుచ్చి, ఆ పుల్ల మీద పొడుగాటి పంగలకర్ర ఆనించి తోస్తే బండి. పుల్ల బుర్రలో బిగుతుగా ఉండాలి, పంగలో వదులుగా ఉండాలి. ఇది తారుమారైతే బండి కదలదు. ఇరుసు అంటే ఏమిటో హైస్కూల్లో సైన్సు మాష్టారు చెప్పినప్పుడు మా వెనకబెంచీ వాళ్ళకు కొత్తగా అనిపించలేదు.

ఆడపిల్లలవి వేరే విద్యలు. తాటాకు బొమ్మలు చేసి, పసుపు గుడ్డ కట్టి పెళ్ళి చేసేవారు. తాటాకు చీల్చి చిన్న బుట్టలు అల్లేవారు. పూలజడ కుట్టటం, ముగ్గులో చుక్కల లెక్క, ఇవన్నీ మా చెల్లెళ్ళకు వచ్చినంత బాగా నాకు ఏ రోజూ రాలేదు. కార్తీకమాసం వెళ్ళిన మర్నాడు పోలి స్వర్గానికి అరటిదొప్పల్లో దీపాలు వదలటానికి తెల్లవారుజామున అమ్మలు కాలువకు వెడితే, దొప్పలు పడవలాగా నిలబడేలా కోసి ఇచ్చే పని పిల్లలది.

పండుగలే పాఠాలు

ఇప్పుడు ఆలోచిస్తే మాకు ఏడాది పొడుగునా ఒక పాఠ్యప్రణాళిక ఉండేదని తోస్తుంది. వినాయక చవితికి కాలువగట్టు బంకమన్నుతో బొమ్మ, ఇరవయ్యొక్క రకాల పత్రి. మాచిపత్రి ఎక్కడ దొరుకుతుందో, ఉమ్మెత్తకు చెయ్యి తగిలితే కడుక్కోకుండా కళ్ళు ఎందుకు నులుముకోకూడదో ఆ రోజునే తెలిసేది. ధనుర్మాసం నెలపెట్టగానే భోగి పిడకలు. మధ్యలో వేలుతో కన్నంపెట్టి గోడకు కొట్టి ఎండబెట్టి, దండలు గుచ్చి భోగిమంటలో వేసేవాళ్ళం. సంక్రాంతికి గాలిపటాలు. చీపురుపుల్ల, పాత పేపరు, అన్నం మెతుకులు, అంతే సరంజామా.

దసరాకు విల్లంబులు. వెదురుబద్దతో విల్లు, దానికి రంగుకాగితాలు. అంబు కొసన చిన్న గిన్నెలాంటిది పెట్టి అందులో పూలరేకులు, బుక్కా పోసేవారు. తాడు లాగి వదిలితే అవి ఎదుటివారి మీద చల్లినట్లు పడేవి. అయ్యవారు ముందు, పిల్లలు వెనక, పాట పాడుకుంటూ ఇంటింటికీ వెళ్ళేవారు. అయ్యవారికి మామూలు, మాకు పప్పుబెల్లాలు. చాలీచాలని జీతపు అయ్యవారికి ఆ రోజుల్లో అదొక ఆధారం. నేను మూడో తరగతిలో ఉండగా మా బడిలో చివరిసారి చూశాను.

దీపావళికి ముందు నెల్లాళ్ళ నుంచి ఉప్పుపొట్లాల పని. పోతుతాటి చెట్టు పూత ఎండినది ఏరుకొచ్చి, కుప్పగా అంటించి, సగం కాలాక మట్టికప్పి ఆర్పితే మంచి బొగ్గు. దాన్ని రోట్లో నూరి, జల్లించి, కాస్త ఉప్పు కలిపి, పాతగుడ్డలో గట్టిగా పొట్లం కట్టాలి. పచ్చి తాటిమట్ట కొస చీల్చి ఆ చీలికల మధ్య పొట్లం బిగించి తాడు కట్టాలి. నిప్పు అంటించి గిరగిరా తిప్పితే, గాలి తగిలినకొద్దీ బొగ్గుపొడి రాజుకుని మనిషి చుట్టూ నిప్పురవ్వల గొడుగు విప్పినట్లుండేది. మందుగుండు పెట్టి కూరింది కాదు గనుక పేలటమనేది లేదు. అయినా ఖాళీ కళ్ళం లోనే తిప్పాలి, గడ్డివాము దరిదాపుల్లో తిప్పకూడదు, నూలుబట్టే కట్టుకోవాలి అనే నియమాలు గట్టిగా ఉండేవి. ఆ నియమాలు పెట్టినవారూ పెద్దపిల్లలే.

బడిలో చేతిపని

1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనిని ఆధారం చేసుకుని చదువు చెప్పాలని ప్రతిపాదించారు. దాని ప్రభావం వల్ల మా ఎలిమెంటరీ బడిలోనూ తకిలీ ఉండేది. దారం తెగితే మాష్టారు తలవంచుకుని ముడివెయ్యటం చూపేవారు. ఇది మన దేశంలోనే పుట్టిన ఆలోచన కూడా కాదు. ఫిన్లండు దేశం 1866లోనే చేతిపనిని ప్రజాపాఠశాలల్లో పాఠంగా పెట్టింది. 1907లో ఇంగ్లండులో బేడెన్ పోవెల్ ఇరవైమంది పిల్లలను ఒక దీవికి తీసుకుపోయి ముడులు, వంట, దారి గుర్తించటం నేర్పితే దాని నుంచే స్కౌటు ఉద్యమం పుట్టింది. మన కాలంలో, కాన్పూరు ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తాగారు పారేసిన వస్తువులతో బొమ్మలు చేసి పిల్లలకు సైన్సు నేర్పారు. 2018లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అంటే లోకంలో పెద్దలు ఎంతో శ్రమపడి బడుల్లోకి తెచ్చిన విద్య మా ఊరి కాలువగట్టున ఖర్చులేకుండా ఉండేదన్నమాట.

అయితే ఆ రోజులన్నీ బంగారం అనటం నా ఉద్దేశం కాదు. మాలో అందరికంటె బాగా ఈదేవాడు, తాటిచెట్టు ఎక్కేవాడు, ముడి వేస్తే జారనివాడు ఎవరంటే పాలేరుగా కుదిరిన పిల్లవాడు. వాడికి అది ఆట కాదు, బ్రతుకు. పలకా బలపం వాడి చేతికి రాలేదు. మేము వాడి దగ్గర నేర్చుకున్నాం గాని, మాకు వచ్చిన అక్షరాలు వాడికి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

గొలుసు ఎక్కడ తెగింది

మా మనవడి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. నాకు బూర నేర్పింది నాకంటె రెండేళ్ళు పెద్దవాడు. వాడికి నేర్పింది వాడికంటె రెండేళ్ళు పెద్దవాడు. ఈ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చినది కాదు, పెద్ద పిల్లవాడి నుంచి చిన్న పిల్లవాడికి వచ్చినది. పెద్దవాళ్ళు ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి తెగినప్పుడు కూడా ఎవరూ గమనించలేదు.

పూతరేకుల సంగతి చూడండి. పలచని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడికుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. కింద ఎండుకొబ్బరాకు మంట. ఆ మంట ఎక్కువైనా తక్కువైనా రేకు రాదు. ఇది తల్లి పక్కన కూర్చుని కూతురు, అత్త పక్కన కూర్చుని కోడలు నేర్చుకున్న విద్య. నాలుగు రాళ్ళు తెచ్చే విద్య కూడాను. అందుకే నిలిచింది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఊరంతా సంతోషించాము. పిల్లల విద్యలకు అటువంటి ఆదాయమూ లేదు, అడిగే నాథుడూ లేడు.

తెంచినవాళ్ళం ఎవరమంటే మనమే. రోడ్లు వచ్చి కాలువల్లో పడవలు ఆగిపోయాయి. ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి. అవన్నీ నిజమే. కాని బదిలీల మీద ఊళ్ళు తిరుగుతూ, పిల్లలను ట్యూషన్ల మధ్య పెంచి, "నీళ్ళ దగ్గరకు వెళ్ళకు, కత్తి ముట్టుకోకు, చెట్టెక్కకు, చదువుకో" అన్నది మన తరం గుమాస్తాలే. నేను కూడా అన్నాను.

1991 గోదావరి పుష్కరాలకు సెలవుపెట్టి పిల్లలతో మా ఊరు వెళ్ళాను. మా అబ్బాయికి అప్పుడు పదమూడేళ్ళు. నేను కాలువ రేవులో నిలబడి ఎవరితోనో డి.ఏ. గురించి మాట్లాడుతున్నాను. వాడు పాచిమెట్టు మీద జారాడు. కాలువ నిండుగా ఉన్నది. నాకు ఈత వచ్చును గాని, ఇరవయ్యేళ్ళు కుర్చీలో కూర్చున్న ఒళ్ళు కదలలేదు. గేదెలు కడుగుతున్న ఒక కుర్రవాడు చేతిలోని పలుపుతాడు విసిరాడు. మావాడికి అందలేదు. అప్పుడు దూకాడు. వెనకనుంచి జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. నేను జేబులోంచి పది రూపాయల నోటు తీశాను. వాడు తీసుకోలేదు. "మీ ఊరి కాలువే కదండీ, బాబుకి ఈత నేర్పలేదేంటండీ?" అని అడిగాడు. ముప్పయి ఏళ్ళు దాటినా ఆ మాట నాకు అలాగే వినబడుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా అబ్బాయి ఈనాటికీ నీళ్ళ దగ్గరకు వెళ్ళడు. వాడి కొడుకును వెళ్ళనివ్వడు. భయం కూడా వారసత్వంగా దిగుతుందని నేను అప్పుడు అనుకోలేదు.

ఇప్పుడు చెయ్యగలిగినది

ప్రతి ఏటా వేసవి సెలవుల్లో గోదావరిలో స్నానానికి దిగిన పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. మన మనవలు, మనవరాళ్ళు తప్పకుండా వస్తారు. నీట మునిగి పోయే ప్రాణాల గురించి ఐక్యరాజ్య సమితి 2021లో తీర్మానం చేసి జులై 25ను ప్రత్యేక దినంగా పెట్టింది. ఆరేళ్ళు దాటిన పిల్లలకు ఈత, సురక్షితంగా రక్షించే పద్ధతి నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ రెండో మాట మన కాలువగట్టుకూ తెలుసు. మునిగేవాణ్ణి చూసి వెంటనే దూకకూడదు. ముందు కేక వెయ్యాలి. పంచె, తాడు, కర్ర, కొబ్బరికాయల జోడు, ఏది దొరికితే అది అందించాలి. ఆనాటి గేదెల కుర్రవాడు కూడా మొదట తాడే విసిరాడు. అది అందకపోతేనే, బాగా ఈదగలవాడు గనుక దూకాడు.

నా మనవి ఇది. మనలో చాలామందికి డెబ్బయి దాటింది. ఈ విద్యలు చేత్తో చేసి చూపగలవారు ఇక మనమే. కొడుకుల తరానికి రాదు గనుక మనవల తరానికి మనం దాటించాలి. మన సంఘం వారు వేసవి సెలవుల్లో వారానికి ఒక పూట పిల్లలను కూర్చోబెట్టే ఏర్పాటు చేస్తే చాలు. ఒకరు కొబ్బరాకు పని, ఒకరు ముడులు, ఒకరు కత్తిని ఒంటికి ఎదురుగా కాకుండా అవతలకు కొయ్యటం, అమ్మమ్మలు, నాయనమ్మలు తాటాకు అల్లిక. ఈత మాత్రం నేర్పగల ఒంటి శక్తి ఉన్నవారి సమక్షంలో, తాడు కట్టి, లేదా పట్నంలో ఈతకొలనులో నేర్పించాలి. పాలేరు పిల్లవాడి విషయంలో మేము చేసిన తప్పు మళ్ళీ జరగకుండా, ఊళ్ళో ఉన్న పిల్లలందరినీ పిలవాలి.

మా మనవడు తిరిగి వెళ్ళేముందు రోజు అరుగు మీద కూర్చుని, పక్కింటి ఎనిమిదేళ్ళ పాపకు బూర చుట్టటం చూపిస్తున్నాడు. నాకంటె నయంగా, "పీక అంత గట్టిగా నొక్కకూడదు" అని చెబుతున్నాడు కూడా. నేను లోపలికి వెళ్ళి మా అబ్బాయికి ఫోను చేసి, వచ్చే వేసవికి వాడికి ఈత నేర్పిస్తానని, తానూ కూడా రావాలని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "చూద్దాం నాన్నగారూ" అన్నాడు. కాదనలేదు గనుక, నేను రెండు ముదురు కాయలు ఏరి అటక మీద పెట్టించాను.

సభ్యమిత్రులు తమ తమ ఊళ్ళలో తమకు వచ్చిన ఇటువంటి విద్యలను వ్రాసి పంపితే రాబోయే సంచికల్లో ప్రచురించవలసిందిగా సంపాదకవర్గం వారికి విన్నవించుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.